హైదరాబాదా, విశాఖా: ఇంటి లెక్కలో రాయని పద్దులు

(విశాఖపట్నంలో ఒక కాలనీ సంక్షేమ సంఘం నెలవారీ సమావేశంలో విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నెల రోజుల కిందట, ఒకప్పుడు నా తరగతిలో చదువుకున్న అబ్బాయి ఒకతను మా ఇంటికి వచ్చాడు. గోపాలపట్నంలో సొంత ఇల్లు. అమ్మ, నాన్న, భార్య, మూడేళ్ళ పాప. ఇక్కడి ఉద్యోగంలో నెలకు చేతికి 70,000 రూపాయలు వస్తోంది. హైదరాబాదులో లక్ష రూపాయలు ఇస్తామని పిలుపు వచ్చింది. "మేడమ్, ఏది ఎక్కువ?" అని అడిగాడు. ప్రశ్న ఎంత చిన్నదో చూడండి. లక్ష ఎక్కువా, డెబ్బై వేలు ఎక్కువా? డిగ్రీలో అర్థశాస్త్రం చదివినవాడు జవాబు తెలియక నా దగ్గరకు రాలేదు. తనకు తెలిసిన జవాబు మీద తనకే నమ్మకం కుదరక వచ్చాడు.

ఆ రోజు నేను అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ నెల రోజులుగా ఆలోచించినదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. హైదరాబాదులో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను, పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. రెండు ఊళ్ళూ నాకు అన్నం పెట్టినవే. అందువల్ల ఒక ఊరిని ఎత్తి, ఇంకొక ఊరిని దించే పని నేను చేయను. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది పిల్లలు హైదరాబాదులో ఉన్నారని నాకు తెలుసు. "ఇక అక్కడెందుకమ్మా, ఇక్కడికి వచ్చేయండి" అన్న మాట ప్రతి పండక్కీ వింటున్నవారే మీలో ఎక్కువ. అవునా, కాదా?

మొదట జాబితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న రాగానే అందరం ముందు వాటినే వెతుకుతాం. మెర్సర్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో ప్రకటించిన జీవన ప్రమాణాల జాబితాలో మన దేశపు నగరాలలో హైదరాబాదు, పుణె కలిసి మొదటి స్థానంలో ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద వాటి స్థానం 143. విశాఖ పేరే ఆ జాబితాలో లేదు. ఇక కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 మార్చిలో విడుదల చేసిన 2020 సులభ జీవన సూచీలో, పది లక్షల జనాభా దాటిన నగరాల వరుసలో విశాఖకు 15వ స్థానం, హైదరాబాదుకు 24వ స్థానం వచ్చాయి. మరి ఏది నిజం? రెండూ నిజమే. మొదటి జాబితా విదేశాలకు ఉద్యోగులను పంపే కంపెనీల కోసం తయారైనది. ఆ ఉద్యోగికి అంతర్జాతీయ పాఠశాల ఉందా, విమానం దొరుకుతుందా అని అది చూస్తుంది. రెండవది పురపాలక సేవలు, ఉపాధి, పర్యావరణం, పౌరుల అభిప్రాయం, ఇలా 49 అంశాలను తూచినది. ఎవరి కోసం తూచారు అన్నది తెలుసుకోకుండా తూకాన్ని నమ్మకూడదు. గోపాలపట్నంలో ఉన్న ఆ ఐదుగురి కోసం ఈ రెండిట్లో ఏదీ తూచలేదు.

ఇంకొక పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. పత్రికలో వినియోగదారుల ధరల సూచీ వస్తుంది. ఒక ఊరి సూచీ ఇంకో ఊరి సూచీ కంటే ఎక్కువ కనిపిస్తే, ఆ ఊళ్ళో బతకడం ఖరీదు అనుకుంటారు. అది కాదు. ఆ ఊళ్ళోనే, ఆధార సంవత్సరంతో, అంటే పోలికకు మొదలుగా పెట్టుకున్న ఏడాదితో పోలిస్తే ధరలు ఎంత పెరిగాయో సూచీ చెబుతుంది. రెండు ఊళ్ళ మధ్య ధరల తేడాను అది చెప్పదు. పైగా 2012 ఆధార సంవత్సరంగా ఉన్న శ్రేణిలో పట్టణ కుటుంబానికి ఆహారం, పానీయాల వాటా 36 శాతానికి కాస్త పైన, ఇంటి వాటా 21 శాతానికి కాస్త పైన. ఇవి సగటు లెక్కలు. సొంత ఇంట్లో ఉన్నవారికి అద్దె పద్దే ఉండదు, కొత్తగా హైదరాబాదు వెళ్ళి అద్దెకు దిగినవారికి ఆ పద్దు జీతంలో మూడో వంతు దాకా పోతుంది. ఈ ఇద్దరిలో ఎవరికీ ఆ 21 శాతం వర్తించదు.

అయితే ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఈ రెండు ఊళ్ళ తేడాకు ఒక వెల కట్టింది. కేంద్ర ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగులు ఇక్కడ ఉన్నారు, వారికి ఇది నాకంటే బాగా తెలుసు. 50 లక్షల జనాభా దాటిన హైదరాబాదు ఎక్స్ తరగతి నగరం, విశాఖ వై తరగతి నగరం. కరువు భత్యం 50 శాతానికి చేరిన తరువాత, అంటే 2024 జనవరి నుంచి, ఇంటి అద్దె భత్యం ఎక్స్ నగరంలో మూలవేతనం మీద 30 శాతం, వై నగరంలో 20 శాతం. మూలవేతనం 50,000 అయితే అక్కడ 15,000, ఇక్కడ 10,000. మధ్య స్థాయి ఉద్యోగికి రవాణా భత్యం హైదరాబాదులో 3,600, విశాఖలో 1,800, వాటి మీద కరువు భత్యం అదనం. అంటే ప్రభుత్వం దృష్టిలో అద్దె ఒకటిన్నర రెట్లు, దూరం రెండు రెట్లు. ఈ రెండు అంకెలను గుర్తుపెట్టుకోండి. అన్నం, పప్పు, నూనెల కోసం వేరుగా ఏ భత్యమూ ఇవ్వలేదు, గమనించారా? అది సరైన ఆలోచనే అని నేను అనుకుంటున్నాను.

ఎందుకంటే వంటింటి సరుకులలో రెండు ఊళ్ళ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, గ్యాసు బండ, ఇవి అక్కడా ఇక్కడా ఒకటే దారిలో నడుస్తాయి. 1999లో మొదలైన రైతు బజార్లు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. ఎర్రగడ్డలో కొన్నా, ఎంవీపీ కాలనీలో కొన్నా కూరల సంచి బరువు, ధర దాదాపు ఒకటే. చేపల విషయంలో మనకు హార్బరు దగ్గర, వారికి దూరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు మాత్రం మనకూ ఆ సౌకర్యం ఉండదు. కాబట్టి "విశాఖలో తిండి చవక" అనే మాటను నేను ఒప్పుకోను.

గాలి, నీళ్ళు, వీటి దగ్గర నిజమైన తేడా మొదలవుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కను పీఠభూమి మీద ఉంది. మే నెలలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మన దగ్గర సాధారణంగా అంత దాటదు. ఆ అంకె చూసి హైదరాబాదు నుంచి వచ్చేవారు విశాఖ చల్లన అనుకుంటారు. కానీ అక్కడి గాలి పొడి గాలి. పొడి గాలిలో కూలరు పని చేస్తుంది, ఎందుకంటే నీరు ఆవిరి కావడం వల్లనే కూలరు గాలి చల్లబడుతుంది. మన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది; కూలరు పెడితే గదిలో ఇంకా ఉక్కపోస్తుంది. కాబట్టి అక్కడ కూలరుతో వేసవి గడిపిన కుటుంబం ఇక్కడికి వచ్చి ఏసీ కొనవలసి వస్తుంది, ఆ ఏసీ మే నెలతో ఆగదు, సెప్టెంబరులో ఉక్కపోసిన రాత్రి కూడా వేయవలసిందే. కరెంటు బిల్లు శ్లాబులలో నడుస్తుంది కనుక యూనిట్లు పెరిగిన కొద్దీ పై యూనిట్ల ధర కూడా పెరుగుతుంది. పైగా తెలంగాణలో 2024 నుంచి అర్హత ఉన్న తెల్లకార్డు కుటుంబాలకు 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు లేదు. ఇక ఉప్పు గాలి సంగతి మీకు చెప్పాలా? బీచికి దగ్గరగా ఉన్నవారు గ్రిల్సుకు ఎన్నిసార్లు రంగు వేయించారో, ఏసీ బయటి పెట్టె ఎన్నేళ్ళకు తుప్పు పట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి. సముద్రపు గాలికి మనం కడుతున్న అద్దె అది. ఏ జాబితాలోనూ అది లేదు.

నీళ్ళ విషయంలో లెక్క తిరగబడుతుంది. హైదరాబాదు తన నీళ్ళను చాలా దూరం నుంచి తెచ్చుకుంటుంది. మూసీకి 1908లో వచ్చిన వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఒకప్పుడు సరిపోయాయి. ఆ తరువాత మంజీరా, సింగూరు, ఆపైన నాగార్జున సాగర్ నుంచి కృష్ణా నీరు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు. వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో, ఎత్తుకు తోడుకుంటూ తెచ్చే నీళ్ళు అవి. నగరపాలక పరిధిలోని గృహాలకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది, అది చిన్న విషయం కాదు. కానీ కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువగా లేచింది పైపు పూర్తిగా చేరని అంచులలో. అక్కడ మార్చి వచ్చేసరికి బోరు ఎండుతుంది, ట్యాంకరు వస్తుంది, ఆ నెల మెయింటెనెన్సు పెరుగుతుంది. మేము అక్కడ ఉన్నప్పుడు ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియక, సంపు మూత తీసి పెట్టుకుని నేను ఇంట్లో కూర్చున్న మధ్యాహ్నాలు ఎన్నో. ఆ మధ్యాహ్నాలకు ఎవరూ వెల కట్టలేదు. నేను కూడా కట్టలేదు, ఇవాళ కడుతున్నాను. విశాఖకు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు కాలువ ఉన్నాయి. మన కొండవాలు కాలనీలలో నీటి కష్టం లేదని నేను అనను, బిందెలతో మెట్లెక్కే ఆడవాళ్ళు ఇవాళ కూడా ఉన్నారు. అయినా ఇంటి బడ్జెట్టులో ట్యాంకరుకు ఒక శాశ్వత పద్దు రాసుకునే కుటుంబాలు ఇక్కడ నాకు తక్కువగానే కనిపించాయి.

ఇప్పుడు అద్దె, దూరం. ఈ రెండూ ఒకే పద్దు అని నా నమ్మకం. హైదరాబాదులో ఆఫీసుకు దగ్గరగా ఉంటే అద్దె రూపంలో కడతారు, దూరంగా ఉంటే గంటల రూపంలో కడతారు. కట్టకుండా తప్పించుకునే దారి లేదు. మన అబ్బాయి కొండాపూర్ వైపు చూసుకున్న రెండు పడకగదుల ఫ్లాటుకు అద్దె 28,000, మెయింటెనెన్సు 4,000. కలిపితే 32,000. అతనికి పెరుగుతున్న జీతం ఎంత? 30,000. అంటే సొంత ఇల్లు వదిలి వెళ్ళినందుకే పెరిగిన జీతం అంతా పోయి, ఇంకా 2,000 చేతి నుంచి పడుతోంది. అదే అబ్బాయికి ఇక్కడ సొంత ఇల్లు లేకుండా, 15,000 అద్దె కడుతూ ఉంటే? అప్పుడు తేడా 17,000 మాత్రమే, వెళితే 13,000 మిగిలేది. ఊర్లు మారలేదు, జీతాలు మారలేదు, జవాబు మారిపోయింది. అందుకే ఎవరైనా నన్ను "హైదరాబాదు ఖరీదా, విశాఖ ఖరీదా" అని అడిగితే, "మీ ఇల్లు సొంతమా?" అని ముందు నేను తిరిగి అడుగుతాను.

సరే, అద్దె తగ్గించుకోవడానికి దూరంగా ఉంటాం అనుకుందాం. ఎల్బీ నగర్ వైపో, ఉప్పల్ వైపో. మెట్రో ఉంది కదా అంటారు. ఉంది, 2017 నవంబరు నుంచి ఉంది, మూడు మార్గాలు కలిపి 69 కిలోమీటర్లు. మెట్రో స్టేషన్ల పక్కన ఇల్లు, స్టేషన్ పక్కన ఆఫీసు ఉన్నవారికి అది వరం. నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, విశాఖకు అలాంటిది లేకపోవడం లోటే. కానీ రాయదుర్గంలో దిగిన తరువాత ఆఫీసు గేటు దాకా ఇంకొక ప్రయాణం ఉంటుంది, ఇంటి దగ్గర స్టేషన్ దాకా మరొకటి. ఒకవైపు గంటా పదిహేను నిమిషాలు అనుకోండి. ఇక్కడ గోపాలపట్నం నుంచి అతని ఆఫీసుకు ముప్పై అయిదు నిమిషాలు. ఒకవైపు తేడా నలభై నిమిషాలు, రోజుకు గంటా ఇరవై నిమిషాలు. నెలకు 24 పనిదినాలు వేసుకుంటే 32 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే నాలుగు రోజులు. ప్రతి నెలా నాలుగు రోజులు జీతం లేకుండా రోడ్డుకు ఇస్తున్నాడు. ఆ నాలుగు రోజులు ఎవరివి? ఆఫీసువి కావు, ఆఫీసు తన ఎనిమిది గంటలు తాను తీసుకుంటుంది. ఆ మూడేళ్ళ పాపవి.

ఇంతవరకు విన్నవారు నేను విశాఖ వైపు మొగ్గుతున్నాను అనుకుంటారేమో. ఆగండి. అతని భార్య ఫార్మసీలో పీజీ చేసిన అమ్మాయి. పెళ్ళయ్యాక ఇక్కడ తన చదువుకు తగిన ఉద్యోగం దొరకక, చిన్న జీతానికి ఒక దుకాణంలో పని చేసి మానేసింది. విశాఖ పక్కన పరవాడలో ఫార్మా సిటీ ఉంది, నిజమే, కానీ పాపను వదిలి అంత దూరం షిఫ్టులకు వెళ్ళడం కుదరలేదు. హైదరాబాదు చుట్టూ ఆ రంగంలో కంపెనీలు, పరిశోధనశాలలు ఎన్నో. అక్కడ ఒక ఉద్యోగం పోతే, ఇల్లు మారకుండానే ఇంకొకటి వెతుక్కోవచ్చు. పెద్ద నగరం ఇచ్చే అసలైన సొత్తు ఇదే అని నేను అంటాను. ఒకే ఇంట్లో ఇద్దరు, వేరువేరు చదువులు చదివిన ఇద్దరు, ఒకే ఊళ్ళో తగిన పని దొరికించుకోగలగడం. ఆమెకు 40,000 జీతం వచ్చిందనుకోండి, పాపను చూసుకునే క్రెష్‌కు, ఆయాకు 12,000 పోయినా 28,000 మిగులుతుంది. అద్దె లెక్క మొత్తం మళ్ళీ తలకిందులైంది. నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఈ పద్దు రాయలేదు. భార్య చదువు అతని కాగితంలో లేదు. నేను అడిగితే, "అవును మేడమ్, అది అనుకోలేదు" అన్నాడు. అంతకంటే నన్ను బాధపెట్టింది, నేను కూడా ఆ ప్రశ్న వెంటనే అడగలేదు, టీ తాగి లేచే ముందు అడిగాను.

ఆడవాళ్ళ ప్రయాణం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కాబట్టి టికెట్టు ధర దగ్గర రెండు ఊళ్ళూ సమానం. ఇక మిగిలింది బస్సు ఎంతసేపటికి వస్తుంది, దిగిన చోటు నుంచి ఇంటిదాకా దీపాలు ఉన్నాయా, ఫుట్‌పాత్ ఉందా అనే ప్రశ్నలు. వీటికి ఊరి పేరుతో జవాబు చెప్పలేం, వీధి పేరుతో చెప్పాలి.

ఇక పెద్దవాళ్ళు. ఆ అబ్బాయి నాన్నకు గుండె జబ్బు ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఉంది, లెక్కలేనన్ని పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. కానీ విశాఖ కూడా వైద్యానికి చిన్న ఊరు కాదు. 1923 నాటి కేజీహెచ్, అంటే కింగ్ జార్జి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాలతో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. అగనంపూడిలో క్యాన్సరు ఆసుపత్రి ఉంది. అరుదైన జబ్బు వస్తే హైదరాబాదు ఒక మెట్టు పైన ఉంటుందేమో. అయితే డెబ్బై ఏళ్ళ మనిషికి రోజూ కావలసింది అరుదైన వైద్యం కాదు. బీపీ చూసే డాక్టరు నడిచే దూరంలో ఉండడం, మందుల షాపువాడు పేరు పెట్టి పలకరించడం, సాయంత్రం నలుగురు కూర్చునే అరుగు. ఆ నాన్న గోపాలపట్నంలో ముప్పై ఏళ్ళుగా సంపాదించుకున్నది అదే. కొండాపూర్ ఎనిమిదో అంతస్తులో దాన్ని ఎంత అద్దె కట్టినా కొనలేరు.

ప్రమాదాలను కూడా పద్దులో రాయాలి, రాయకపోతే అది నిజాయితీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ గదిలో ఉన్నవారిలో ఎంతమంది రోజుల తరబడి చీకట్లో ఉన్నారో నాకు తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు బయటికి వచ్చింది. అది ఆ కుటుంబం ఉన్న గోపాలపట్నం పక్కనే. జ్ఞానాపురంలో, వన్‌టౌన్‌లో కిటికీ తెరిస్తే నేల మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది, రోజుకు రెండుసార్లు తుడిచినా పోదు. పరిశ్రమలు, రేవు, నౌకాదళం ఉన్న ఊరికి అవి తెచ్చిన బతుకుతో పాటు ఈ భారం కూడా ఉంది. హైదరాబాదు నిశ్చింత అనుకోకండి, అదే 2020 అక్టోబరులో చెరువుల కింద కట్టిన కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనేవారికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: పాత పటంలో అక్కడ చెరువు ఉందేమో చూడండి.

మరి రెండు ఊళ్ళ మధ్య పద్దు ఒకటి ఉంది, అది ఎవరి కాగితంలోనూ కనిపించదు. కొడుకు అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే, గోదావరి ఎక్స్‌ప్రెస్సులో ఒక రాత్రి, లేదా 2023 జనవరి నుంచి నడుస్తున్న వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. నాన్నకు ఒంట్లో బాగాలేదని ఫోను వస్తే అప్పటికప్పుడు దొరికిన టికెట్టు, సంక్రాంతికి రెట్టింపు దాటిన ప్రైవేటు బస్సు ఛార్జీ. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో రాసుకుని, ముగ్గురి ఛార్జీ వేసి, పన్నెండుతో భాగించి నెల పద్దులో కలపండి. అది హైదరాబాదు ఖర్చు కాదు, విశాఖ ఖర్చు కాదు, విడిపోయిన కుటుంబం ఖర్చు.

గత వారం ఆ అబ్బాయి తల్లి నాకు ఫోను చేసింది. వాళ్ళు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆమె ఒక మాట అడిగింది: "అమ్మా, వాళ్ళు వెళ్ళాక పాప నాతో మాట్లాడే మాటలు ఏ పద్దులో రాయాలి?" నేను జవాబు చెప్పలేదు. కాగితం తెచ్చి ఐదుగురూ కలిసి కూర్చుని రాయమన్నాను. ఇప్పటిదాకా లెక్క వేసింది ఒక్కడే, ఆ లెక్కను భరించవలసినవారు ఐదుగురు. ఆ అమ్మాయి ఉద్యోగం పద్దు ఆమె చేత్తోనే రాయాలి, నాన్న నడిచే దూరం నాన్న చెప్పాలి.

మీకూ అదే పని ఇస్తున్నాను. వచ్చే సమావేశానికి మీ ఇంటి కాగితం తీసుకురండి. ఎడమవైపు ఇక్కడ, కుడివైపు అక్కడ, మధ్యలో ప్రయాణాల పద్దు. రూపాయలతో పాటు గంటలు కూడా రాయండి, ప్రతి అంకె పక్కన ఆ గంటలు ఇంట్లో ఎవరివో పేరు రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనుక వరుసలో అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, మైకు ముందు వారికి ఇవ్వండి.